కట్టెల అడితి: పచ్చి టన్నుకి కొని ఎండు కిలోకి అమ్మే లెక్క

చీరాల దగ్గర నుంచి ఒక తమ్ముడు అడిగాడు. బావగారి ట్రాక్టరు ఉంది, రోడ్డు పక్కన ఖాళీ స్థలం ఉంది, చుట్టుపక్కల సరుగుడు, తుమ్మ బాగా దొరుకుతాయి, కట్టెల అడితి పెడదామనుకుంటున్నాడు. టన్ను ఎంతకి కొనాలి, ఎంతకి అమ్మాలి, లోడు లెక్కనా కిలో లెక్కనా, హోటళ్లకి అప్పు ఇవ్వొచ్చా అన్నవి అతని ప్రశ్నలు. ఇంట్లోవాళ్లేమో ఈ గ్యాస్ కాలంలో కట్టెలు ఎవరు కొంటారు అంటున్నారట.

మాది గుంటూరులో నాన్నగారి హయాం నుంచి ఉన్న అడితి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఇంట్లోవాళ్ల మాట. ఇళ్లల్లో కట్టెల పొయ్యి తగ్గిన మాట నిజమే. ఇంటికి మోపు లెక్కన కొనేవాళ్లని నమ్ముకుని ఇవాళ అడితి పెట్టకూడదు. కానీ పెళ్లిళ్లకి వండే వంటమాస్టర్లు, దమ్ బిర్యానీ హోటళ్లు, రంజాన్ నెలలో హలీం బట్టీలు, పాతకాలపు బేకరీలు, స్వీట్ల తయారీవాళ్లు, కార్తీకమాసం వనభోజనాలు, శ్మశానాలు, ఇవన్నీ ఇంకా కట్టెల మీదే ఉన్నాయి. పెద్ద గుండిగల్లో వంద కేజీల బియ్యం వండేవాడికి కట్టె మంట ఇచ్చే వేడి, ఆ తర్వాత మిగిలే నిప్పులు రెండూ కావాలి. మీ గిరాకీ వీళ్లు. వీళ్లు రోజూ కొంటారు, ఎక్కువ కొంటారు, సరుకు తేడా వస్తే అదే రోజు ఫోన్ చేసి అడుగుతారు.

ఇక అసలు విషయం. ఈ వ్యాపారంలో మునిగినవాళ్లలో చాలామంది అమ్మే ధర దగ్గర మునగలేదు, నీళ్ల లెక్క వేసుకోక మునిగారు. మీరు కొనేటప్పుడు కట్టెనీ నీటినీ కలిపి కాటా వేసి కొంటారు. అమ్మేటప్పుడు ఆ నీరు ఉండదు. మధ్యలో ఆవిరైపోయిన బరువుకి కూడా మీరు డబ్బు కట్టారు, బాడుగ కట్టారు, దింపుడు కూలి కట్టారు. ఇది కాగితం మీద వేసుకోకుండా ధర పెట్టకండి.

ఒక లెక్క చూపిస్తాను. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊరి ధరలు మీరు పెట్టుకోండి. చేలో పచ్చి తుమ్మ టన్ను 3,000 చొప్పున 10 టన్నులు కొన్నారు. సరుకు 30,000. బాడుగ, డీజిలు కలిపి 7,000. దింపుడు 1,500. కోసి చీల్చడానికి 5,000. మొత్తం 43,500. చాలామంది దీన్ని పదితో భాగించి "టన్ను 4,350 పడింది, 5,500కి అమ్మితే టన్నుకి 1,150 మిగులు" అనుకుంటారు.

ఇప్పుడు నీరు తీయండి. పచ్చి కట్టెలో నూటికి నలభై వంతులు నీరు అనుకుందాం, కొన్ని జాతుల్లో యాభై దాకా కూడా ఉంటుంది. అంటే మీ 10 టన్నుల్లో నిజమైన కట్టె 6 టన్నులు. పూర్తిగా ఎండదు కదా, గాలికి ఆరిన కట్టెలో ఇరవై వంతుల నీరు మిగులుతుంది. 6 టన్నుల్ని 0.8తో భాగిస్తే 7.5 టన్నులు. అందులో బెరడు, పొట్టు, పుచ్చు, ఎవరూ కొనని ముక్కలు ఒక 300 కిలోలు పోతాయి. అమ్మకానికి మిగిలేది 7.2 టన్నులు. అది ఎండే రోజులకి స్థలం అద్దె, కాపలా, కరెంటు కింద 4,500 వేసుకోండి. మొత్తం ఖర్చు 48,000. దాన్ని 7.2తో భాగిస్తే టన్ను 6,667, అంటే కిలో 6 రూపాయల 67 పైసలు. 5,500కి అమ్మినవాడికి చేతికొచ్చేది 39,600. లోడు మీద 8,400 నష్టం. సరుకు మొత్తం అమ్ముడుపోయింది, గిరాకీ బ్రహ్మాండంగా ఉంది, అయినా డబ్బు కనపడదు. ఎక్కడ పోయిందో అర్థం కాక పనివాళ్ల మీద అనుమానపడతారు.

ఈ లెక్కలో మీ కూలి లేదు, ట్రాక్టరు అరుగుదల లేదు. బావగారి ట్రాక్టరు కాబట్టి ఉచితం అనుకోవద్దు. బయట బాడుగ ఎంతో అంతా ఖాతాలో రాసి ఆయనకి ఇవ్వండి. చుట్టరికం కూడా నిలబడుతుంది.

అందుకే మొదటి లోడు మొత్తం తూకంతో చేయండి. వచ్చినప్పుడు వేబ్రిడ్జి చీటీ, ఎండాక అమ్మినదంతా మళ్లీ తూకం. పచ్చి టన్ను మీ చేతిలో ఎండు టన్నులో ఎంత వంతు అవుతోందో ఆ ఒక్క అంకె పట్టుకోండి. సరుగుడుకి ఒకటి, తుమ్మకి ఒకటి, సుబాబుల్‌కి ఒకటి. ఆ అంకె తెలిసినవాడితో రైతు అయినా దళారీ అయినా ఊరికే బేరం ఆడలేరు.

నీరు ఎంత ఉందో కనుక్కోవడం కష్టం కాదు. లోడులో లావుపాటి దుంగని అక్కడికక్కడే చీల్చి, లోపలి ముఖం నుంచి చిన్న చిన్న పేళ్లు తీసి సరిగ్గా కిలో తూచండి. మీకు బేకరీ గిరాకీ ఉంటే, పని అయ్యాక వేడి తగ్గుతున్న ఓవెన్లో రాత్రంతా పెట్టించండి. పొద్దున తూచి, మళ్లీ కాసేపు పెట్టి, బరువు ఇంక తగ్గదనుకున్నప్పుడు చూడండి. 620 గ్రాములు వచ్చిందంటే 38 వంతులు నీరు. సూదులు గుచ్చే తేమ మీటర్లు కూడా దొరుకుతాయి, కొనుక్కోండి. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెక్కకి వాడే మీటర్లు మామూలుగా పూర్తిగా ఎండిన కట్టె బరువు మీద శాతం చెబుతాయి. మీటరులో 25 కనిపిస్తే మొత్తం బరువులో నీరు 20 వంతులన్నమాట. పైగా సూదులు బయటి ముఖానికి గుచ్చితే ఎండినట్టే చూపిస్తుంది. చీల్చిన కొత్త ముఖానికే గుచ్చాలి. మీటరు లేకపోయినా రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. పొయ్యిలో పెట్టినప్పుడు కొసన నురగ కక్కుతూ సుయ్‌మంటుంటే ఆ కట్టె ఇంకా అమ్మకానికి రాలేదు.

కొనే చోట జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. వేబ్రిడ్జి దగ్గర మీరు స్వయంగా నిలబడండి. లోడుతో తూచేటప్పుడు ట్రాలీ మీద ఇద్దరు కూలీలు కూర్చుని ఉంటారు, డ్రైవరు సీట్లోనే ఉంటాడు. ఖాళీ చేసి తూచేటప్పుడు అందరూ దిగిపోయి టీ తాగుతుంటారు. ఆ రెండు వందల కిలోలూ కట్టె ధరకే మీకు పడతాయి. చీటీ మీద లోడు బరువు, ఖాళీ బరువు, నికర బరువు మూడూ ఉండాలి, రెండు తూకాలూ ఒకే కాటా మీద, ఒకే రోజు జరగాలి. "బండి ఖాళీ బరువు మాకు తెలుసులే" అంటే ఒప్పుకోవద్దు. సరుగుడు మొద్దులు వేర్లతో సహా వస్తాయి, ఆ వేర్ల మధ్య ఇసుక, మన్ను గట్టిగా పట్టి ఉంటుంది. దులిపించాక తూచండి, లేదా మట్టి తరుగు ముందే మాట్లాడుకోండి.

ఏ కట్టె కొనాలి అన్నదానికి మీ ప్రాంతం మంచి ప్రాంతమే. అయితే సుబాబుల్, జామాయిల్, సరుగుడు నిటారు కర్రకి పేపరు మిల్లులు గిరాకీ. సారపాకకీ రాజమండ్రికీ పోయే ఆ కర్ర ధరతో మనం పోటీ పడలేం, పడకూడదు. మిల్లు వద్దన్న వంకర కర్ర, కొమ్మలు, పైకొనలు, మొద్దులు మన సరుకు. తోట కొట్టే మేస్త్రీలతో సంబంధం పెట్టుకోండి. కర్ర లారీ ఎక్కిన మర్నాడు చేను ఖాళీ చేయించుకోవాలన్న తొందర రైతుకి ఉంటుంది. అప్పుడు వచ్చే ధర వేరు. సర్కారు తుమ్మ ముళ్లతో కూలి ఎక్కువ తింటుంది, కానీ చేను బాగుచేసుకోవాలనుకునే రైతు దాన్ని దాదాపు కొట్టుకుపొమ్మనే అంటాడు, కాలడంలో దానికి తిరుగులేదు. నల్ల తుమ్మ, చింత నిప్పు ఎక్కువసేపు నిలుపుతాయి, దమ్ వేసేవాళ్లు అవే అడుగుతారు. సరుగుడు మంట బాగా లేస్తుంది, కాస్త పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది. వేప, జామాయిల్ పొగ వాసన వంటకి పడుతుందని చాలామంది వంటమాస్టర్లు ఒప్పుకోరు. ఆ రెండూ ఇటుక బట్టీలకి పక్కన పెట్టండి. గన్నేరు మాత్రం ఎంత ఉచితంగా వచ్చినా అడితిలోకి రానివ్వకండి, అది విషపు చెట్టు, వంట పొయ్యిలోకి పోకూడదు. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, మందు పట్టించిన రైలు పట్టాల దిమ్మెలు కూడా అంతే. మీ దగ్గర కొన్న కట్టె మీద మనుషులు తినే అన్నం ఉడుకుతుంది.

ఎండబెట్టడం దగ్గరే లాభం తయారవుతుంది. దుంగని దుంగగా వదిలేస్తే నెలల తరబడి లోపల పచ్చిగానే ఉంటుంది. వచ్చిన వారంలోనే కోసి చీల్చండి, చీల్చిన ముఖం నుంచే నీరు పోతుంది. నేల మీద నేరుగా పేర్చకండి, చెద పడుతుంది, కింది వరస తడిసి పుచ్చిపోతుంది. రాళ్లో పాత సిమెంటు స్తంభాలో వేసి వాటి మీద అడ్డదిడ్డంగా కాకుండా వరసలుగా, గాలి ఆడేలా పేర్చాలి. వానకి పైన మాత్రమే రేకో టార్పాలినో ఉండాలి. పక్కలు కూడా మూసేస్తే లోపలే ఉక్కి బూజు పడుతుంది. ప్రతి వరసకీ తారీఖు రాసిన చిన్న రేకు ముక్క కట్టండి. ముందొచ్చింది ముందు పోవాలి. వరసల మధ్య మనిషి నడిచే దారి వదలండి, పాములు, తేళ్లు ఉంటాయి కాబట్టి పనివాళ్లకి బూట్లు, చేతి తొడుగులు ఇవ్వండి. అడితిలో బీడీ, సిగరెట్ మాట లేదు. ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ము ఎప్పుడూ నిండుగా ఉంచండి.

మీ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు ఎండు కట్టె ఉన్నవాడే రాజు. అందుకని మార్చి, ఏప్రిల్‌లో వీలైనంత పచ్చి సరుకు కొని, ఎండలు ఉండగానే చీల్చి ఆరబెట్టి, జూన్ వానలకి ముందే కప్పు కిందికి చేర్చాలి. ఎండల్లో కట్టె ధర దిగి ఉంటుంది, అప్పుడే కొనాలి. వానల్లో కార్తీకమాసం పెళ్లిళ్లు, వనభోజనాలు పడతాయి, ధర మీ చేతిలో ఉంటుంది. పంచాంగం దగ్గర పెట్టుకోండి. ముహూర్తాలు ఎప్పుడు, మూఢం ఎప్పుడు అన్నది చూసుకునే సరుకు కోయించాలి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, హలీం బట్టీలవాళ్లతో నెల ముందే మాట్లాడుకోండి.

లోడు లెక్కా కిలో లెక్కా అంటే, నా మాట కిలో లెక్కే. ట్రాలీ లోడు కొలత కాదు. విసిరి నింపితే సగం గాలి ఉంటుంది, పేర్చి నింపితే అదే ట్రాలీలో ఎంతో ఎక్కువ పడుతుంది. లోడు లెక్కన కొన్నవాడు ఈసారి తక్కువ వచ్చిందనే అంటాడు, మీరు ఇచ్చింది ఎక్కువైనా సరే. ఎలక్ట్రానిక్ కాటా పెట్టండి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించండి, ఆ సర్టిఫికెట్ కాటా పక్కనే కనపడేలా తగిలించండి. చాలా అడితుల్లో అది ఉండదు. హోటలు యజమాని మొదటిసారి వచ్చినప్పుడు ఆయన కళ్లు దాని మీదే ఉంటాయి.

ఇప్పుడు అమ్మే ధర. మీకు పడింది 6.67. అందరికీ ఒకే ధర పెట్టకండి, అలాగని మొహం చూసి ధర చెప్పకండి. సరుకుని బట్టి, పరిమాణాన్ని బట్టి పలక రాసి పెట్టండి. రోజూ రెండు క్వింటాళ్లు తీసుకునే బిర్యానీ హోటలుకి అడుగున్నర పేళ్లు కిలో 8, పెళ్లికి ఒక్కసారి తీసుకునే వంటమాస్టర్‌కి రెండడుగుల చీలికలు కిలో 9, చేరవేత ఖర్చు విడిగా. పొట్టు, చిదుగులు సంచుల్లో నింపి అంటించడానికి అమ్మండి. దగ్గరలో బీచ్ రిసార్టులు ఉంటే క్యాంప్‌ఫైర్‌కి పది కిలోల సంచి కట్టి ఇవ్వండి, అక్కడ కిలో 15 కూడా కష్టం కాదు. శుభ్రంగా, ఒకే పొడవులో, పురుగు లేకుండా ఉండాలంతే. హోమాలకి రావి, మేడి, మోదుగ, జమ్మి సమిధలు చిన్న కట్టలుగా కట్టి పూజా సామగ్రి కొట్లకి వేస్తే బరువు మీద కాదు, కట్ట మీద డబ్బు వస్తుంది. రెండో ఏడు మొదలుపెట్టండి దాన్ని, ముందే చేయి వేయకండి.

ధర ఎంత దాకా పెంచొచ్చు అన్నది గ్యాస్ చెబుతుంది. ఇది ఓపిగ్గా చదవండి, మీకు బేరంలో చాలా ఉపయోగం. ఆరిన కట్టె కిలోలో సుమారు 3,500 కిలో కేలరీల వేడి ఉంటుంది. గ్యాస్ కిలోలో సుమారు 11,000. కానీ మూడు రాళ్ల పొయ్యి మీద కట్టె వేడిలో పదిహేను వంతులు కూడా గిన్నెకి చేరడం కష్టం, గ్యాస్ బర్నరు మీద అరవై వంతుల దాకా చేరుతుంది. లెక్క వేస్తే కిలో గ్యాస్ చేసే పనికి పన్నెండు పన్నెండున్నర కిలోల కట్టె కావాలి. 19 కిలోల సిలిండర్ 1,900 అనుకోండి, గ్యాస్ కిలో వంద. అంటే తెరిచిన పొయ్యి వాడే హోటలుకి మీ కట్టె కిలో 8 దాటితే గ్యాసే చవక. అదే పొయ్యి చుట్టూ ఇటుక కట్టి, అడుగున ఇనుప జాలీ పెట్టి, బూడిద కిందికి పడి గాలి పైకి వచ్చేలా చేసి, పొగ గొట్టం పెడితే పాతిక వంతుల దాకా వేడి గిన్నెకి చేరుతుంది. అప్పుడు ఏడున్నర కిలోల కట్టె చాలు. అతనికి మీ కట్టె కిలో 13 దాకా కూడా గ్యాస్ కంటే భారం కాదు.

కాబట్టి గిరాకీ హోటలుకి వెళ్లి పొయ్యి చూడండి. జాలీ లేకపోతే వెల్డింగ్ షాపులో చేయించి మీరే ఇవ్వండి. కట్టె తక్కువ కాలుతుంది కదా, మన అమ్మకం తగ్గదా అనకండి. మీ కట్టె దండగ అనిపించిన రోజున అతను గ్యాస్‌కి పూర్తిగా మారిపోతాడు. మీ వల్ల నెల ఖర్చు తగ్గినవాడు కిలోకి అర్ధ రూపాయి పెంచితే మాట అనడు. పచ్చి కట్టె అమ్మకపోవడానికి కూడా ఇదే కారణం. అందులో నీటిని మరిగించడానికే కొంత మంట పోతుంది, వంటవాడి కళ్లు మండుతాయి, అన్నం ఆలస్యమవుతుంది.

అప్పు విషయం. ఇవ్వకుండా హోటలు వ్యాపారం రాదు, ఇస్తూ పోతే మిగలదు. రోజుకి రెండు క్వింటాళ్లు, కిలో 8, పదిహేను రోజులు అంటే ఒక్క హోటలు దగ్గరే 24,000 ఆగిపోతుంది. అలాంటివి మూడు ఉంటే ఎండాకాలంలో సరుకు కొనాల్సిన డబ్బు వాళ్ల గల్లాపెట్టెలో ఉంటుంది. ఒక పద్ధతి పెట్టుకోండి: వారం అప్పు, ఆదివారం లెక్క, రెండో వారం సరుకు మొదటి వారం డబ్బు వచ్చాకే. రోజూ చీటీ మీద తీసుకున్నవాళ్ల సంతకం. అప్పు ధర వేరు, నగదు ధర వేరు అని మొదటి రోజే చెప్పండి. వంటమాస్టర్ దగ్గర మాత్రం సరుకు దింపే ముందే సగం తీసుకోవాలి. పెళ్లి అయ్యాక పెళ్లివారు ఎవరో, మాస్టరు ఎవరో, మనం ఎవరో.

కాగితాలు తేలికే, కానీ నిర్లక్ష్యం చేయకండి. వంట చెరకు మీద జీఎస్టీ లేదు, మీరు అదొక్కటే అమ్ముతుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కట్టె చిప్స్ (చెక్క తునకలు), రంపపు పొట్టు అమ్మకం మొదలుపెడితే ఆ మినహాయింపు వాటికి వర్తించదు, ఆడిటర్‌ని అడగండి. పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ తీసుకోండి. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, రవాణాకి అటవీశాఖ నిబంధనలు ఉన్నాయి. తోటల్లో పెంచే సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటివాటికి సడలింపులు ఉంటాయి, వేప, చింత, మద్ది లాంటివాటికి అలా అనుకోకండి. మీ అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్లి మీరు కొనబోయే జాతుల పేర్లు రాసిచ్చి, దేనికి పర్మిట్ కావాలో రాతపూర్వకంగా తెచ్చుకోండి. ప్రతి లోడుకీ రైతు పేరు, సర్వే నంబరు, సంతకంతో చీటీ ఉండాలి. అడవి నుంచి రాత్రిపూట చవగ్గా వచ్చే సరుకు ముట్టుకోవద్దు. దాంతో బండి కూడా పోతుంది.

మిగిలింది శ్మశానం సంగతి. మీరు అడగలేదు, కానీ అడితి పెట్టిన మొదటి నెలలోనే ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. సంప్రదాయ చితికి నాలుగు క్వింటాళ్ల పైమాటే పడుతుంది, లావు దుంగలు, బాగా ఎండినవి కావాలి. దానికి ఒక మూల విడిగా ఎప్పుడూ రెండు చితులకి సరిపడా పేర్చి ఉంచండి, ఎంత గిరాకీ ఉన్నా అది హోటలుకి తీయకండి. ధర పలక మీద రాసి ఉన్నదే తీసుకోండి, వానల్లో పెంచకండి. అర్ధరాత్రి వచ్చినా తూచి పంపండి, డబ్బు మర్నాడు తెస్తామంటే సరేననండి. మా అడితిలో ఆ ఖాతాలో బాకీ నిలిచిపోవడం చాలా అరుదు.

మొదటి లోడు వేబ్రిడ్జి చీటీ, ఖర్చుల కాగితం ఇక్కడ పెట్టండి తమ్ముడూ, పచ్చి ఎండు లెక్క కలిసి వేద్దాం.